మూడు మెట్లు పైకెత్తిన పాట

పాటల పని నుంచి నేను ఇరవై తొమ్మిదో ఏటనే రిటైరయ్యాను. పెన్షన్ లేదు. శాలువా కప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఆస్పరి వైపు గాలిమరల కంట్రోల్ రూములో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. అక్కడ తెర మీద గీతలు పైకీ కిందికీ కదులుతుంటాయి గానీ వాటి వెనుక ఎవరూ పాడుతుండరు. నాకది నెమ్మదిగా ఉంది.

మొన్న నేను చదివిన పాలిటెక్నిక్ నుంచి నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. "అన్నా, నువ్వు ఆదోనిలో రికార్డింగ్ స్టూడియోలో చేసినావంట గదా, ఆ పని ఎట్లుంటాదో మా మ్యాగజైన్‌కు రోంత రాసియ్యి" అన్నారు. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అన్నది తెలుసుకోవాలని వాళ్ళ ఆశ. తమ్ముళ్ళూ, అవన్నీ నేను రాసి ఇచ్చేలోపు పాతబడతాయి. నేను ఒక్క పాట సంగతి రాస్తాను. అప్పట్లో మీరు ఆరో తరగతో ఏడో తరగతో చదువుతుండి ఉంటారు. మీ వీధిలో ఎవరి పెళ్ళి ఊరేగింపుకైనా ట్రాక్టర్ మీద స్పీకరు బాక్సులు కట్టి ఉంటే ఆ పాట మీ చెవిన పడే ఉంటుంది. పాడిన మనిషి ఎవరో మాత్రం తెలిసి ఉండదు. అప్పుడూ చాలామందికి తెలియదు. ఇందులో నేను ఎవరి పేరూ రాయడం లేదు. అందరం ఇంకా ఇక్కడిక్కడే తిరుగుతున్నాం.

స్టూడియో మార్కెట్ యార్డుకు పోయే రోడ్డులో, ఒక విత్తనాల అంగడి మీది అంతస్తులో ఉండేది. యజమానిది పత్తి వ్యాపారుల కుటుంబం. తాతకు పత్తి, తండ్రికి పత్తి, ఈయనకు పాట. ఇంట్లోవాళ్ళు గోడౌన్ గది ఒకటి ఇచ్చి, "దీంట్లో ఏమన్నా సేసుకో, యార్డులోకి మాత్రం రావద్దు" అన్నారట. ఆ మాట ఆయనే చెప్పి నవ్వేవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. నాకున్నది డిప్లొమానే అయినా ఆయన నన్ను ఇంజినీరూ అని పిలిచేవాడు.

గోడలకు ధ్వనిని మింగే పలకలు కొనే స్తోమత లేక, జిన్నింగ్ మిల్లు నుంచి నాసిరకం పత్తి తెచ్చి, గోనెసంచుల్లో కుట్టించి, నాలుగు గోడలకూ చెక్క పట్టీలతో బిగించాం. అది బాగా కుదిరింది. ఆ గదిలో చప్పట్లు కొడితే చప్పుడు చేతుల్లోనే ఉండిపోయేది. కాకపోతే పరుపులో దూరినంత ఉక్క. పాడేటప్పుడు ఫ్యాను తిరగకూడదు, కిటికీ తెరవకూడదు. ఎన్ని సంచులు బిగించినా పత్తి లారీల హారన్లు మాత్రం దాటుకుని వచ్చేవి. అందుకని ఏ వేళకు ఏ చప్పుడు వస్తుందో ఒక పట్టిక రాసి తలుపుకు అంటించాను. యార్డులో వేలం మొదలయ్యే వేళ, లారీలు కదిలే వేళ, కింద అంగడి షట్టరు ఎత్తే వేళ, కరెంటు పోయే వేళ. మిగిలిన సందుల్లో కళ.

నాకు పట్టికల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. ప్రతి పాటకూ ఒక నోటుపుస్తకంలో ఒక పేజీ పెట్టేవాణ్ణి. తేదీ, పాడినవారు, శ్రుతి, వేగం, ఏ మైకు, ఎన్నిసార్లు పాడారు, తర్వాత నేను చేసిన మార్పులు ఏమిటి. నాలుగేళ్ళలో అలాంటి పుస్తకాలు ఆరు నిండాయి. ఇప్పుడు తిరగేసినా వాటిలో తప్పు కనిపించదు. తప్పులన్నీ పుస్తకం బయట జరిగాయి.

మా దగ్గరికి వచ్చే పనుల్లో ఎన్నికల పాటలు, అంగళ్ళ మైకు ప్రచారాలు, చిన్న నాయకుల పుట్టినరోజు పాటలు ఉండేవి. దసరా ముందు దేవరగట్టు జాతర పాటలు, డిసెంబరులో చర్చి పాటలు. ఆమె అలా డిసెంబరులోనే వచ్చింది. ఎమ్మిగనూరు చర్చి నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకే ఆటోలో వచ్చారు. ముందు వరసకు మైకు పెట్టి వింటే, ఒక గొంతు మిగతా ఏడింటి కిందనుంచి నేలలా పరుచుకుని వినిపించింది. మైకును ఎటు తిప్పినా అదే గొంతు.

యజమాని హెడ్‌ఫోన్ తీసి, "ఎనకాల నిలబడిన అక్క ఎవరప్పా? ముందుకు పిలువు" అన్నాడు.

ఆమె రాలేదు. "వద్దు సార్. నా గొంతు లావు. అందరి మింద పడతాది. అందుకే నన్ను ఎనక పెడతారు" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

ముప్ఫై ఆరేళ్ళ మనిషి. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ళకు కండెలు చుట్టే షెడ్డులో పని. అంటే రాట్నం తిప్పుతూ నేతకు కావాల్సిన దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టడం. భర్త బేల్దారి, తాపీ పని చేస్తాడు. కూతురు పదో తరగతి. పాట ఎక్కడా నేర్చుకోలేదు. షెడ్డులో రాట్నాల రొదను మించి పాడడం వల్ల ఆ గొంతుకు ఆ బరువు వచ్చిందేమో అని నేను అనుకునేవాణ్ణి.

యజమాని మనసులో అప్పటికే ఒక పాట ఉంది. క్యాసెట్ల కాలంలో మా వైపు ఒక నాటకాల ఆయన పాడిన పాట. సుగ్గికి, అంటే మిరపకాయలు కోయను గుంటూరు వైపు వలసపోయిన మొగుణ్ణి తలుచుకుని పెళ్ళాం పాడుకునే పాట. పోతూ పోతూ అతను చేతి గడియారం ఇంట్లో మరిచిపోతాడు.

సేతి వాచీ ఇడిసి పోతివి మామా,
పొద్దు యాడ ఇడిసి పోతివో.

ఆడమనిషి పాటను ఆ నాటకాల ఆయన తన రంగస్థలం గొంతుతో పాడాడు. ఆయన పోయి చాలాకాలమైంది. యజమాని హొళగుంద వైపు వెళ్ళి ఆయన కూతురి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తెచ్చాడు. "మా నాయిన పాట మళ్ళా యెవరన్నా పాడితే అదే సాలు" అందట ఆమె.

సంక్రాంతి దాటాక రికార్డింగ్ పెట్టుకున్నాం. ఆమె చెప్పులు బయట విడిచి వచ్చింది. ఫ్యాను ఆపితే, "ఇదేందప్పా, దీనికంటే మా కండెల షెడ్డే మేలు" అని కొంగుతో విసురుకుంది. తర్వాత కళ్ళు మూసుకుని, కుడిచేత్తో తొడ మీద గుండ్రంగా తాళం వేసుకుంటూ పాడింది. ఆ చెయ్యి రాట్నం తిప్పుతోందని నాకు మూడోసారి పాడినప్పుడు గానీ అర్థం కాలేదు. అయిదుసార్లు పాడింది. మూడోదే పాట. అందులో రెండో చరణం పైకి ఎక్కేచోట గొంతు కాస్త జీరపోయి, ఒక క్షణం ఆగి, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. మొగుడు లేని ఇంట్లో గడియారం టిక్కుటిక్కుమంటున్నది ఆ ఒక్క క్షణంలోనే వినిపిస్తుంది.

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక యజమాని, నేను కూర్చుని విన్నాం. పాట అయ్యాక ఆయన ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు.

"బాగుండాది. కానీ ఇంజినీరూ, ముసలామె లెక్క ఉండాది."

"ముప్ఫై ఆరేండ్లేనన్నా."

"నాకు తెల్దా? ట్రాక్టర్ మింద బాక్సుల్లో వింటే యాభై అనిపిస్తాది. పెండ్లి ఊరేగింపులో ఎవురు ఎగురుతారప్పా దీనికి? రోంత సిన్నపిల్లను సెయ్యి."

ఆ పనికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె పాడింది అయిదు శ్రుతిలో. దాన్ని మూడు అర మెట్లు పైకెత్తి ఆరున్నరకు తెచ్చాను. వేగం కొంచెం పెంచాను. గొంతులోని బరువును పలచన చేశాను. జీరపోయిన చోటును సాపు చేశాను. ఇప్పుడు స్పీకర్లోంచి పద్దెనిమిదేళ్ళ అమ్మాయి పాడుతోంది. ఆ అమ్మాయి ఎక్కడా లేదు. అయినా నిజంగా బాగుంది. కంప్యూటర్ మార్చిందని ఎవరూ కనిపెట్టలేరని నాకు గర్వంగా కూడా అనిపించింది. పుస్తకంలో ఆమె పేజీ తీసి, "మూడు మెట్లు పైకి, వేగం పెంపు, గొంతు పలచన" అని రాసి గీత గీశాను. మార్చకముందు ఉన్న పాటను నా అలవాటు ప్రకారం వేరే హార్డ్‌డిస్కులో దాచాను.

పుస్తకంలో రాశాను. ఆమెకు చెప్పలేదు. పాడినవాళ్ళకు ఆ తర్వాతి పని చెప్పే అలవాటు మా స్టూడియోలో లేదు.

పాటను నెట్‌లో పెట్టాలంటే వీడియోకు ఒక బొమ్మ కావాలి కదా. యజమాని ఎవరిచేతనో గీయించాడు. పత్తిచేలో ఓణీ వేసుకున్న అమ్మాయి, చేతిలో వాచీ. కింద పాడినవారు అని ఆమె పేరు సన్నటి అక్షరాల్లో ఉంది.

పాట పెట్టిన మర్నాడు ఆమె ఫోన్ చేసింది. "తమ్ముడా, పాట విన్యా. శానా బాగొచ్చింది" అంది. ఏదో అడగబోయినట్టు ఆగింది. "ఏమక్కా?" అన్నాను. "ఏం లేదప్పా, ఇంగ ఉంటా" అని పెట్టేసింది.

ఉగాదికల్లా ఆ పాట మా వైపంతా పాకింది. నేను విన్న చోట్లు పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. ఆదోని బస్టాండులో ఉల్లిగడ్డల ఆటో. కైరుప్పలలో జనం పిడకలు విసురుకునే పండగ చూడ్డానికి వెళ్తే అక్కడి టీ అంగడి. సి.బెళగల్ దగ్గర పొలంలో పురుగుమందు కొడుతున్న మనిషి జేబులో ఫోను. మా మేనమామ రింగ్‌టోను. పెళ్ళి బాక్సులవాళ్ళయితే దానికి ఇంకా దరువు కలిపి, ఇంకా వేగం పెంచి వాయించారు. యజమాని యార్డు మీదుగా నడిచిపోతుంటే వాళ్ళ నాన్న వయసు వ్యాపారులు కూడా పిలిచి టీ ఇప్పించారు. ఆయనకు అది చాలా పెద్ద విషయం.

ఆమెను కూడా చిన్న చిన్న వేడుకలకు పిలవడం మొదలుపెట్టారు. మా కీబోర్డు ఆయన వెంట వెళ్ళేవాడు. ఆయన మంచి పనివాడు, ఆమె గొంతు చూసి అయిదు శ్రుతిలోనే వాయించేవాడు. అక్కడే చిక్కు వచ్చింది. "ఫోన్లో ఉన్నట్టు లేదే" అనేవారు. సి.బెళగల్లో ఒక పెళ్ళిలో పాట అయ్యాక ఒక పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చి మర్యాదగానే అడిగాడట: "మీ పాప రాలేదామ్మా? ఆ పాప పాడింటే బాగుండు."

కీబోర్డు ఆయన ఈ సంగతి స్టూడియోలో చెప్పి పడీపడీ నవ్వాడు. యజమానీ నవ్వాడు. నేనూ నవ్వాను. తిరుగు ప్రయాణంలో ఆమె, "అన్నా, ఇంగమింద ఫోన్లో ఎట్లుందో అట్లే వాయించు" అందని కూడా ఆయన చెప్పాడు. ఆ మాటకు ఎవరం నవ్వలేదు గానీ ఎవరం ఆలోచించనూ లేదు.

వేసవిలో ఎమ్మిగనూరులోనే ఒక సంఘం వాళ్ళు బడి మైదానంలో సాయంత్రం కార్యక్రమం పెట్టారు. ఆమె సొంత ఊళ్ళో మొదటి వేదిక. ఆ రోజుకు ఇంకో ముఖ్యం కూడా ఉంది. దసరా నుంచి ఉగాది దాకా ఊరూరా పాటకచేరీలకు బృందాలను కుదిర్చే పెద్దమనిషి ఒకాయన వచ్చి వింటానన్నాడు. ఆయనకు నచ్చితే ఆమెకు ఏడాదిలో సగం పాటే పని. "ఆయన ఊ అంటే కండెల పని మానేస్తానప్పా. దారం దుమ్ముకు దగ్గు పట్టుకుంది" అని నాకు ఫోన్లో చెప్పింది. అప్పటికే ఆమె గొంతు బొంగురుగా ఉంది. దుమ్మేమో అనుకున్నాను.

సంఘం వాళ్ళు కీబోర్డు వద్దన్నారు. పాట ఫోన్లో ఉన్నట్టే ఉండాలి, సంగీతం కంప్యూటర్ నుంచి రావాలి, ఆమె దాని మీద పాడాలి. నేను ముందురోజే ల్యాప్‌టాప్‌లో మూడు సిద్ధం చేసుకున్నాను. ఒకటి, ఆరున్నర శ్రుతిలో సంగీతం. రెండు, అయిదుకు దించిన సంగీతం. ఇది నా అంతట నేను చేసింది, ఎవరూ అడగలేదు. మూడు, పాటలోని వాయిస్, అంటే ఆ లేని అమ్మాయి గొంతు. ఇది యజమాని అడిగింది. "ఎందుకన్నా మంచిది, పెట్టుకో" అన్నాడు. చాలామంది పెట్టుకుంటారు కూడా. మిక్సర్ మీద ఒక్కో ధ్వనికి ఒక్కో జారుడు మీట ఉంటుంది. వాయిస్ మీట పూర్తిగా కిందికి లాగి ఉంచాలి. వేలితో పైకి తోస్తే గొంతు వస్తుంది. అంతే.

వేదిక వెనుక ఆమె కొత్త చీరలో, మిరియాల నీళ్ళు తాగుతూ కూర్చుని ఉంది. పక్కన కూతురు.

"అక్కా, సంగీతం రోంత కిందికి పెట్టి ఎయ్యనా?" అన్నాను.

ఆమె గ్లాసు దించి నన్ను చూసింది. "ఎందుకప్పా?"

చెప్పాల్సింది అప్పుడే. ఒక్క వాక్యం. నేను, "ఊరికేలే, సుఖంగా ఉంటాదని" అన్నాను.

"వద్దు. ఫోన్లో ఉన్నట్టే ఎయ్యి."

నాకు బరువు దిగినట్టయింది. అడగాల్సింది అడిగాను, ఆమె వద్దంది అని మనసులో టిక్కు పెట్టుకున్నాను.

ఆమె వేదిక మీదికి రాగానే ముందువరస వెనుక నుంచి ఎవరో, "పాప యాడప్పా?" అన్నారు. ఇంకొకడు, "ఈమె పాప వాళ్ళమ్మ. పాప పౌడర్ ఏసుకుంటాంది" అన్నాడు. మైదానమంతా నవ్వు. చర్చి ఆడవాళ్ళు వెనక్కి తిరిగి గుడ్లురిమారు. నేను సంగీతం వదిలాను.

ఆమె అందుకుంది. నేను నమ్మలేకపోయాను. ఆరున్నర శ్రుతిలో, తన లావు గొంతుతోనే అందుకుంది. పల్లవి అయ్యేసరికి నవ్విన కుర్రాళ్ళు ఊరుకున్నారు. మొదటి చరణంలో పెద్దమనిషి ఫోన్లోంచి తలెత్తాడు. అది ఫోన్లో ఉన్న పాట కాదు, దానికంటే పెద్దది. మనిషి తన కొలతకు మించిన బరువు ఎత్తుతుంటే చూస్తున్నవాళ్ళ ఒళ్ళు బిగుసుకుంటుంది చూడండి, అలా ఉంది.

రెండో చరణం పైకి ఎక్కేచోట గొంతు తెగింది. కండె మీద దారం తెగినట్టు టక్కున తెగింది. సంగీతం ముందుకు పోతోంది. ఆమె నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు.

"వాయిస్ ఎయ్ రా" అన్నాడు యజమాని నా చెవిలో. ఆయన నన్ను ఇంజినీరూ అనకుండా పిలిచింది ఆ ఒక్కసారే.

మీట పైకి తోశాను.

పద్దెనిమిదేళ్ళ గొంతు, ఒక్క మరక లేకుండా, మైదానం నాలుగు మూలలా నిండింది. ఆమె ఉలిక్కిపడి పక్కకు చూసింది, ఇంకెవరో వేదికెక్కినట్టు. తర్వాత మైకును మెల్లగా నడుము దాకా దించింది. నోరు మూసుకుంది. పెదవులు కదిపి ఉంటే సగం మందికి తెలిసేది కాదు. కదపలేదు. పాట దానంతట అది పాడుకుంటూ ఉంటే, ఆమె చేతిలో మైకుతో నిలబడి వింది. ఒక నిమిషం పది సెకన్లు. తర్వాత కొలిచాను.

"యమ్మా, నోరు తెరువు. పాట పోతాంది" అని అరిచారు ఎవరో. ఈల. మళ్ళీ నవ్వు. నా వేలు ఇంకా మీట మీదే ఉంది. దించవచ్చు. దించలేదు. దించితే మొదటిసారి ఎత్తింది నేనేనని అందరికీ తెలిసిపోతుందని అనిపించింది. అప్పటికే అందరికీ తెలుసు.

పాట అయిపోయాక ఆమె నమస్కారం పెట్టి దిగింది. పెద్దమనిషి లేస్తూ యజమానితో, "మీ బాక్సు బాగా పాడిందయ్యా" అన్నాడు. ఆమె నా బల్ల పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. ఏమంటుందోనని తలెత్తాను. "ఆ వైరు సుట్టుకో తమ్ముడా, ఎవురి కాళ్ళకన్నా తగుల్తాది" అని వెళ్ళిపోయింది.

మర్నాటికి ఆమె నోరు మూసుకుని నిలబడిన వీడియో ఫోన్లలో తిరిగింది. దొంగ పాట అన్నారు. రెండు వారాలు ఆ వీడియో నడిచింది, ఆ తర్వాత పాటా పోయింది, వీడియో కూడా పోయింది. పెళ్ళి బాక్సులవాళ్ళకు ఇంకో పాట దొరికింది. యజమాని నిజంగానే పద్దెనిమిదేళ్ళున్న అమ్మాయిని ఒకరిని వెతికి తెచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. నేను ఏడాది తర్వాత మానేస్తానన్నప్పుడు, "ఆ దినం నిన్ను 'ఎయ్ రా' అన్న్యా గదా, దానికేనా?" అని అడిగాడు. కాదన్నాను.

ఆ సాయంత్రం నేను చేయగలిగిన పనులు ఎన్ని ఉన్నాయో తర్వాత చాలాసార్లు జాబితా రాశాను. ప్రతిసారీ అన్నిటికంటే పైన ఒకటే వచ్చేది. సంగీతం ఆపి, అయిదు శ్రుతిది పెట్టి, మళ్ళీ మొదలుపెట్టడం. నలభై సెకన్ల పని. ఆ నలభై సెకన్లు జనం ఆగరని భయపడ్డాను. మా వైపు జనం బస్సు కోసం రెండు గంటలు కూర్చుంటారు.

గాలిమరల ఉద్యోగంలో చేరిన తర్వాత ఒక ఆదివారం హార్డ్‌డిస్కు వెతికి, ఆమె మూడోసారి పాడిన పాటను, నేను చెయ్యి పెట్టకముందు ఉన్నదాన్ని, ఫోన్లో ఎక్కించుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. నోటుపుస్తకం కూడా తీసుకెళ్ళాను. ఎందుకో మీకు నవ్వు రావచ్చు. రుజువు లేకుండా తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

ఆమె ఇంటి వసారాలో రాట్నం ముందు కూర్చుని ఉంది. దగ్గు వల్ల షెడ్డుకు రోజూ పోలేక కొంత పని ఇంటికే తెచ్చుకుంటోంది. కూతురు మంచం మీద ఇంటర్ పుస్తకాలు పరుచుకుని ఉంది. నన్ను చూసి, "రాప్పా, కూసో. ఏం సిక్కినావు? గాలిమరలు తిప్పను నిన్నేమన్నా ఊదమంటాండారా?" అంది.

పుస్తకం తెరిచి, పేజీ చూపించి, నేను రాసుకొచ్చిన వరసలోనే చెప్పాను. మూడు మెట్లు ఎత్తింది నేను. చెప్పకపోవడం నా తప్పు. అందుకే మీకు వేదిక మీద అందలేదు. ఇదిగో మీరు పాడిన అసలు పాట.

ఆమె రాట్నం ఆపి పాట మొత్తం వింది. రెండో చరణంలో గొంతు జీరపోయి ఆగినచోట తల ఊపింది. "ఇది నేనే" అంది.

తర్వాత, "నువ్వు ఎత్తినావని నాకు తెలుసప్పా" అంది.

"ఎప్పుడు తెలిసిందక్కా?"

"మొదటి దినమే. నీకు ఫోన్ సేసిన్యా సూడు, అప్పుడే. నా గొంతు నాకు తెల్దా?"

"మరి అడగలేదెందుకు?"

ఆమె తెగిన దారం కొసలు రెండూ వేళ్ళ మధ్య పెట్టి మెలితిప్పి ముడివేసింది. "అడిగితే తగ్గిస్తావని."

నేను పుస్తకం మూశాను.

"అట్లాంటి గొంతు నాకు ఎప్పుడూ లేదు తమ్ముడా. పద్దెనిమిదేండ్లప్పుడు గూడా లేదు. అది నాదే అని అందరూ అంటాంటే బాగుండె. నిజంగా నాదే సేసుకోలేనా అనుకున్యా. రెండు నెల్లు పొద్దున్నే లేసి ఆ పైమెట్టు పట్టుకోను సూసినా. గొంతు పాడైతాందని మా ఆయన తిట్టినాడు."

"మా అమ్మకు చెప్పినా వినదన్నా" అంది కూతురు, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"అంటే ఆ దినం నేను నిజం చెప్పి ఉన్నా..."

"నువ్వు సెప్పింటే గూడా నేను అట్లే పాడేదాన్ని. అది కాదప్పా నువ్వు సేసిన తప్పు." కోపం లేదు ఆమె గొంతులో. లెక్క సరిచేస్తున్నట్టు చెప్పింది. "గొంతు పోయింది. పోతే పోయింది. కింద నుంచి ఎత్తుకుంటా వచ్చేదాన్ని. షెడ్డులో దినానికి నూరుసార్లు దారం తెగుతాది, రాట్నం ఆపి ముడేసి మళ్ళా తిప్పమా? రోంత ఆగింటే అయ్యేది. నువ్వు ఆ పాపను తెచ్చి నా పక్కన నిలబెడ్తివి. ఆమె ముందర నేనెట్ల పాడేదప్పా?"

నేను తప్పు పేజీ తీసుకుని వచ్చాను. అసలు పేజీ నా పుస్తకంలో లేనే లేదు.

లేవబోతుంటే ఆమె, "ఊరికే పోతావా? వచ్చే నెల మా షెడ్డువాళ్ళు కొత్త షెడ్డు తెరుస్తాండారు. మద్యాన్నం బువ్వ ఉంటాది. మైకు పెట్టనీకి నువ్వు రా" అంది.

వెళ్ళాను. నలభై, యాభై మంది ఉంటారు. ఒక బాక్సు, ఒక మైకు, అరువు తెచ్చిన చిన్న మిక్సర్. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళలేదు. చర్చిలో కంజీర వాయించే ఒకావిడ ఆమె పక్కన కూర్చుంది. శ్రుతి ఎంత అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వాచీ పాట ఎత్తుకుంది. కొత్త రేకుల కింద ఆ లావు గొంతు అందరి మీదా పడింది.

రెండో చరణంలో, అదే చోట, గొంతు జీరపోయి ఆగింది.

నా కుడిచెయ్యి దానంతట అదే మిక్సర్ మీదికి లేచింది. పైకి తోయడానికి అక్కడ ఏ గొంతూ లేదు. అయినా లేచింది. దాన్ని వెనక్కి తెచ్చి తొడకింద పెట్టుకుని కూర్చున్నాను. కంజీర ఆగింది. అన్నం కలుపుతున్న వాళ్ళ చేతులు ఆగాయి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేవలేదు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. నాలుగు సెకన్లు. లెక్కపెట్టాను.

అయిదో సెకనులో ఊపిరి తీసుకుని, ఒక మెట్టు కింద నుంచి ఎత్తుకుంది.